గరివిడి గనులు: మన జ్ఞాపకం, మన హక్కు

(విజయనగరంలో జరిగిన అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల సమావేశంలో గనుల ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు మమ్మల్ని ముందే అడిగారు. ప్రశ్న సబబైనదే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ముస్లింలు జనాభాలో ఒక శాతం కూడా లేరని 2011 జనగణన చెబుతోంది. ఇంత తక్కువ సంఖ్యలో ఉన్నవారికి ఓట్ల బలం ఉండదు. అటువంటివారికి మిగిలే బలం రెండే: కాగితం మీద ఆధారం, ఇరుగుపొరుగుతో నెయ్యం. ఈ రెండూ చరిత్ర తెలియడం వల్లనే నిలుస్తాయి. అందుకే పక్కనే ఉన్న ఒక చిన్న గనుల ఊరి కథను ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాం.

విజయనగరంలో శ్రీకాకుళం వైపు వెళ్ళే రైలు ఎక్కితే నెల్లిమర్ల దాటిన కొంతసేపటికి గరివిడి వస్తుంది. దాని తరువాత చీపురుపల్లి. నేడు గరివిడి అనగానే పశువైద్య కళాశాల, శ్రీదుర్గాప్రసాద్ సరాఫ్ కళాశాల, ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం చుట్టూ వెలసిన శ్రీరామ్‌నగర్ గుర్తుకు వస్తాయి. వీటికంతటికీ మూలం ఇక్కడి నేలలోని నల్లరాయి. భారతదేశంలో మాంగనీసు ఖనిజాన్ని వాణిజ్యస్థాయిలో తవ్వడం మొట్టమొదట ఈ ప్రాంతంలోనే, 1892లో మొదలైంది. ఈ సంగతి మన పాఠశాల పిల్లలలో ఎందరికి తెలుసు?

నేల చెప్పే కథ

తూర్పు కనుమలు ఇక్కడ గోడలా నిలబడవు. మైదానంలో అక్కడక్కడ గుట్టలుగా తలెత్తి, మళ్ళీ పొలాల్లో కలిసిపోతాయి. ఆ గుట్టలు ఎక్కువగా ఖోండలైటు అనే రాతితో ఏర్పడినవి. కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద శాస్త్రవేత్తలు ఆ రాతికి ఆ పేరు పెట్టారు. చీపురుపల్లి, గరివిడి పరిసరాల్లో మరో అరుదైన రాయి ఉంది. ఫెల్‌స్పార్, మాంగనీసు కలిసిన గార్నెట్, అపటైటు అనే ఖనిజాలు కూడి ఏర్పడిన ఈ రాతిని భూగర్భ శాస్త్రవేత్త లూయిస్ లీ ఫెర్మర్ వర్ణించి, ఇక్కడి కోడూరు గ్రామం పేరుతోనే కోడురైటు అని వ్యవహరించాడు. భారతదేశపు మాంగనీసు నిక్షేపాలపై ఆయన రాసిన బృహద్గ్రంథం 1909లో వెలువడింది. కోడూరు, గర్భాం, దేవాడ, పెరపి వంటి మన పల్లెల పేర్లు ఆ విధంగా ప్రపంచ భూగర్భ శాస్త్రంలోకి ఎక్కాయి.

కోడురైటు వానకూ ఎండకూ యుగాల పాటు శిథిలమై, అందులోని మాంగనీసు పేరుకొని నల్లటి ముద్దలుగా మారింది. ఖనిజం పైపైనే దొరకడం వల్ల లోతైన సొరంగాల అవసరం పెద్దగా లేకపోయింది. గడ్డపార, పలుగు, తట్ట ఉంటే చాలు, తవ్వకం సాగిపోయేది. ఈ సౌలభ్యమే గనిని తొందరగా పుట్టించింది. కూలి ధరను తక్కువగా ఉంచిందీ ఇదే.

కోడురైటులోని అపటైటు ఈ గనుల తలరాతను కూడా రాసింది. అపటైటులో భాస్వరం ఉంటుంది. ఖనిజంలో భాస్వరం మోతాదు మించితే దానితో తయారైన ఉక్కు పెళుసెక్కుతుంది. మన ప్రాంతపు ఖనిజంలో భాస్వరమూ, ఇనుమూ ఎక్కువ, మాంగనీసు పాలు తక్కువ. మధ్య పరగణాల్లోని నాగపూర్, బాలాఘాట్, భండారా ప్రాంతాల్లో మేలురకం ఖనిజం బయటపడిన తరువాత మొదట పుట్టిన మన గనులు వెనుకబడిపోయాయి.

రైలూ, రేవూ, కంపెనీ

మాంగనీసు కావలసింది ఎవరికి? ఉక్కు తయారుచేసేవారికి. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చిన తరువాత యూరప్‌లో ఉక్కు ఉత్పత్తి విపరీతంగా పెరిగింది. కరిగిన లోహంలోని గంధకం, ప్రాణవాయువుల చెడును విరిచి ఉక్కును గట్టిపరచేది మాంగనీసే. నేటికీ ప్రపంచంలో తవ్వే మాంగనీసులో దాదాపు పదింట తొమ్మిది పాళ్ళు ఉక్కు పరిశ్రమకే పోతుంది. దివ్య ఖుర్‌ఆన్‌లో ఇనుము పేరుతో ‘అల్ హదీద్’ అనే సూరా ఉన్న సంగతి మనందరికీ తెలుసు. ఆ ఇనుముకు బలాన్నిచ్చే రాయి మన ఊళ్ళ కింద ఉంది.

విజయనగరం సంస్థానం భూములలో ఈ గనులను విజయనగరం మైనింగ్ కంపెనీ నడిపింది. 1890వ దశకంలోనే తూర్పుతీర రైలుమార్గం పూర్తి కావడంతో ఖనిజం విశాఖపట్నం తీరానికి చేరడం సులువైంది. అప్పటికి అక్కడ ఓడలు లోపలికి వచ్చే రేవు లేదు. ఓడ దూరంగా లంగరు వేసి ఉంటే, అలల మీదుగా పడవలలో సరుకు చేరవేసేవారు. 1933లో విశాఖ రేవు ప్రారంభమైంది. ఆ రేవు నిర్మాణానికి ఒక ముఖ్యకారణం మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతే. ఆ ఖనిజం తీరానికి రావడానికి రాయపూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం 1931 నాటికి సిద్ధమైంది. మన గనులు వెనుకబడిన దశలో మన పట్టణం మీదుగా ఇతరుల ఖనిజం సముద్రానికి సాగిందన్నమాట.

1907 నాటికి దేశం మొత్తం మీద మాంగనీసు ఉత్పత్తి ఏటా తొమ్మిది లక్షల టన్నులు దాటింది. 1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో ధర పడిపోయి గనులు మూతపడ్డాయి. యుద్ధం వస్తే గని తెరవడం, శాంతి వస్తే మూయడం పరిపాటి అయింది. ఎక్కడో షెఫీల్డులో కొలిమి చల్లారితే ఇక్కడ గర్భాంలో పొయ్యి వెలిగేది కాదు.

స్వాతంత్ర్యానంతరం 1950వ దశకంలో సేఠ్ శ్రీరామ్ దుర్గాప్రసాద్ కుటుంబం గరివిడిలో ఫెర్రో మాంగనీసు కర్మాగారాన్ని స్థాపించింది. ముడిరాయిని విదేశాలకు పంపే బదులు ఇక్కడే కరిగించడం మంచి మార్పే. అయితే ఆ విద్య కరెంటు మీద ఆధారపడింది. ఒక టన్ను ఫెర్రో మాంగనీసుకు సుమారు రెండున్నర వేల నుంచి మూడు వేల యూనిట్ల విద్యుత్తు కావాలి. అందువల్ల ఈ పరిశ్రమకు విద్యుత్ ధర పెరగడమే ప్రాణాంతకం. రాయి తక్కువై గని ఆగితే, కరెంటు ప్రియమై ఫర్నేసు ఆగుతుంది. రెండు సందర్భాలలోనూ వీధిన పడేది కూలివాడే.

ఫౌజుదారు పేరు మిగిలింది, కూలివాని పేరు?

ఇక మన సంగతికి వద్దాం. ఉత్తరాంధ్రలో ముస్లింల చరిత్ర అనగానే మన వక్తలు శ్రీకాకుళం సర్కారుతో మొదలుపెడతారు. అది తప్పేమీ కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో చికాకోల్ ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించాడు. షేర్ అంటే పులి. ఆయన మీది గౌరవంతో పెద్దరాయుడు తన కోటకు ‘పెబ్బులి’ అని పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ ప్రసిద్ధి. 1713లో విజయనగరం కోటకు స్థలం సూచించినవాడు మహబూబ్ వలీ అనే ఫకీరని ఇక్కడి వారు చెప్పుకుంటారు. కళింగపట్నంలో మదీనా బాబా దర్గా ఉంది. విజయనగరంలో ఖాదర్ వలీ బాబా దర్గాకు అన్ని మతాలవారూ వస్తారు.

కోట కథలో మనం ఉన్నాం, దర్గా కథలో ఉన్నాం. గని కథలో ఎక్కడున్నాం? ఫెర్మర్ గ్రంథంలో రాళ్ళకు పేర్లున్నాయి. ఆ రాళ్ళను పగులగొట్టి, ఏరి, తట్టలతో మోసిన స్త్రీపురుషుల పేర్లు లేవు. ఇది ముస్లింలకు మాత్రమే జరిగిన అన్యాయం కాదని ముందుగా ఒప్పుకోవాలి. గనిలో పనిచేసినవారిలో అత్యధికులు ఈ పల్లెల దళితులు, వెనుకబడిన కులాలవారు, వారి ఆడవారు. మనవారు కొద్దిమంది. లారీ తోలినవారు, ఇంజను బాగుచేసినవారు, కమ్మరి కొలిమి దగ్గర పలుగులు సానపట్టినవారు, చిన్న దుకాణం పెట్టుకున్నవారు మా కుటుంబాలలో ఉన్నారు. మన భాషలో ‘హాజరు’ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. హాజరు పట్టీలో వేలిముద్ర పడితేనే ఆ రోజు కూలి. ఆ పట్టీలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు.

మా కుటుంబాలలోనే జరిగిన ఒక సంగతి చెబుతాం. పేర్లు అనవసరం. మా పెద్దాయన ఒకరు ఇరవై ఏళ్ళకు పైగా ఖనిజపు ధూళిలో పనిచేశారు. చివరి దశలో ఆయన చేతులు వణికేవి, మాట తడబడేది, నడుస్తూ నడుస్తూ ముందుకు తూలిపోయేవారు. వయసు మీద పడిందని ఇంట్లో సరిపెట్టుకున్నాం. ఆయన పోయిన తరువాత పెద్దమ్మ పరిహారం కోసం తిరిగింది. ‘ఆయన అక్కడ పనిచేసినట్టు కాగితం తెండి’ అన్నారు. ఆమె దగ్గర ఉన్నది పండుగనాడు తోటి కూలీలతో కలిసి తీయించుకున్న ఒక పాత ఫొటో. దానిని కాగితంగా ఎవరూ ఒప్పుకోలేదు. ఆ ఫొటోలో ఉన్న తక్కినవారి ఇళ్ళకు వెళ్ళి సాక్ష్యం తీసుకోవాలన్న ఆలోచన అప్పుడు మాకెవరికీ రాలేదు. వారిలో చాలామంది ఇప్పుడు లేరు.

మాంగనీసు ధూళి ఎక్కువకాలం పీల్చితే మెదడులోని నరాలు దెబ్బతింటాయని వైద్యులకు కొత్తగా తెలిసింది కాదు. 1837లోనే స్కాట్లండులో జాన్ కూపర్ అనే వైద్యుడు మాంగనీసు రుబ్బే కార్మికులలో ఈ లక్షణాలను వర్ణించాడు. మన దేశంలో గనుల చట్టం కింద 1952లోనే మాంగనీసు విషప్రభావాన్ని ప్రకటిత వ్యాధిగా గుర్తించారు. 1923 నాటి కార్మిక పరిహార చట్టపు మూడవ షెడ్యూలులో కూడా దానికి చోటు దక్కింది. తరువాత వచ్చిన సామాజిక భద్రతా నియమావళిలోనూ ఆ పేరు కొనసాగింది. అంటే మా పెద్దమ్మ అడిగినది దయ కాదు, చట్టంలో ఉన్న హక్కు. హక్కు ఉన్నా దానిని చేతికందించే కాగితం లేకపోయింది.

మసీదు, ఖబరస్తాన్, పాత అనుమతులు

గని ఊళ్ళలో మరో చిక్కు ఉంటుంది. కూలీలు వచ్చి స్థిరపడితే నమాజుకు చిన్న పాక కావాలి, మరణిస్తే ఖననానికి నేల కావాలి. ‘ఆ చెట్టు పక్కన వాడుకోండి’ అని ఒక దొరో, మేనేజరో, గ్రామపెద్దో అనుమతి ఇస్తాడు. మంచి మనసుతో ఇచ్చిన మాటే, కాని నోటిమాట. ఈ నేల అప్పట్లో జమీందారుది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత అది ప్రభుత్వానికి సంక్రమించింది. సెటిల్మెంటు జరిగినప్పుడు ఆ స్థలం ఏ పేరుతో రికార్డులోకి ఎక్కిందన్నది కీలకం. శ్మశానమని రాశారా, పోరంబోకు అని రాశారా, గని లీజు హద్దులలో కలిపేశారా? గని నడుస్తున్నంతకాలం ఎవరూ అడగరు. గని మూతపడి, ఆ భూమికి వేరే గిరాకీ వచ్చిన రోజున అడుగుతారు.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత తీవ్రమైంది. 1995 వక్ఫ్ చట్టానికి 2025లో చేసిన సవరణ, దీర్ఘకాల వాడుక ద్వారా ఏర్పడే వక్ఫ్ అనే భావనను ఇకముందు చెల్లదని తొలగించింది. సవరణ అమలుకు ముందే నమోదైనవి వక్ఫ్‌గా కొనసాగుతాయి. అయితే వివాదంలో ఉన్నవాటికీ, ప్రభుత్వ ఆస్తి అని చెప్పేవాటికీ ఆ రక్షణ లేదు. సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను మాత్రమే తాత్కాలికంగా నిలిపివేసింది. చట్టం మంచిచెడ్డల మీద న్యాయపోరాటం జరగవలసిందే. కాని తీర్పు వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చుంటే, నమోదు కాని చిన్న ఖబరస్తాన్‌కు ఏ తీర్పూ అక్కరకు రాదు. పెద్ద పట్టణంలోని మసీదుకు కమిటీ ఉంటుంది, వకీలు ఉంటాడు. పదిహేను ఇళ్ళున్న ఊళ్ళో ఆ పని ఎవరు చేస్తారు? మనమే చేయాలి.

మనం చేయదగిన పనులు

మొదటిది: మన ఊళ్ళలోని ప్రతి మసీదుకూ, ఖబరస్తాన్‌కూ, ఆషుర్‌ఖానాకూ సర్వే నంబరు తెలుసుకోవాలి. సెటిల్మెంటు రిజిస్టరు, అడంగల్, గ్రామ పటం నకళ్ళు తహశీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. వక్ఫ్ బోర్డు గెజెట్‌లో ఆ ఆస్తి ఉందో లేదో సరిచూడాలి. నకలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఇది కోపంతో చేసే పని కాదు, ఓపికతో చేసే పని.

రెండవది: గనిలో, ఫర్నేసులో పనిచేసి ఇంకా మన మధ్య ఉన్న వృద్ధుల మాటలను నమోదు చేయాలి. ఏ సంవత్సరం చేరారు, ఎవరి కింద పనిచేశారు, పక్కన ఎవరున్నారు, కూలి ఎంత, ఏ జబ్బు చేసింది? ఇవన్నీ రాసుకొని, ఇద్దరు తోటి కార్మికుల సంతకాలతో ప్రమాణపత్రంగా తయారుచేయాలి. పీఎఫ్ చీటీ, రేషన్ కార్డు, పాత గుర్తింపు కార్డు ఏది దొరికినా దానితో జతపరచాలి. వణుకు, మాట తడబాటు ఉన్నవారిని వయసని వదిలేయకుండా నరాల వైద్యునికి చూపించాలి. ఎన్నేళ్ళు ఏ పని చేశారో ఆ చీటీలో రాయించాలి.

మూడవది: జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు, గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం ప్రతి జిల్లాలోనూ ఒక ట్రస్టు ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. 2015 జనవరికి ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలం ద్వారా ఇచ్చినవైతే 10 శాతం గని యజమాని ఈ నిధికి అదనంగా చెల్లించాలి. తాగునీరు, వైద్యం, విద్య, కాలుష్య నివారణ వంటి ముఖ్య రంగాలకు మొదట కనీసం 60 శాతం కేటాయించాలన్నారు, 2024 మార్గదర్శకాలలో దానిని 70 శాతానికి పెంచారు. మూతపడిన గని రాయల్టీ చెల్లించదు, నిజమే. కాని జిల్లాలో నడుస్తున్న గనుల నుంచి నిధి వస్తూనే ఉంటుంది. పాత గుంతల పక్కన బతికే పల్లెల పేర్లు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉన్నాయా అని గ్రామసభలో అడగాలి.

ఆ గుంతల సంగతి కూడా ఆలోచించండి. పూర్వం తవ్వి వదిలేసిన గోతులు వానాకాలంలో చెరువులవుతాయి. లోతు తెలియక పిల్లలు దిగుతారు. గని మూసేటప్పుడు నేలను చక్కదిద్దాలన్న నియమాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. అంతకుముందు వదిలేసిన గుంతలకు బాధ్యులెవరో చెప్పేవారు లేరు. కంచె వేయించడానికైనా, హెచ్చరిక పలక పెట్టించడానికైనా ఆ నిధి పనికిరావాలి.

ఈ మూడు పనులూ చేస్తున్నప్పుడు ఒక మాట మరువకూడదు. గ్రామసభకు మన సమస్య ఒక్కటే పట్టుకొని వెళితే మనం పదిమందిమే ఉంటాం. గుంత పక్కన ఉన్న దళితవాడ నీళ్ళ సమస్య, బీసీ కుటుంబాల వృద్ధుల జబ్బు, మన ఖబరస్తాన్ హద్దు, వీటన్నిటినీ ఒకే అర్జీలో పెడితే ఊరంతా మనతో ఉంటుంది. అదే గనిలో, అదే ధూళిలో మన పెద్దలు వారి పెద్దలతో కలిసి పనిచేశారు. ఆనాడు కూలిచీటీలో మతం ఎవరూ అడగలేదు. ఈనాడు హక్కు అడిగేటప్పుడు కూడా పక్కవారి చేయి పట్టుకొనే వెళ్ళాలి. పొరుగువారి హక్కును ఇస్లాం ఎంత గౌరవించిందో ఈ సభకు వివరించనవసరం లేదు.

ఫౌజుదారులను తలచుకొని గర్వించడం సులువు. వారి మసీదు రాతితో కట్టింది, అది నిలిచే ఉంది. గని కార్మికుని జ్ఞాపకం మాత్రం అతనితో కలిసి పనిచేసిన కొద్దిమంది ముసలివారి నాలుక మీద ఉంది. వారు వెళ్ళిపోతే దానిని తిరిగి తవ్వి తీయడానికి ఏ భూగర్భ శాస్త్రవేత్తా రాడు. అందుచేత ఈ సమావేశానికి వచ్చిన ప్రతి యువకుడూ, ప్రతి యువతీ వచ్చే రంజాన్‌లోగా ఒక్క వృద్ధుని మాటనైనా కాగితం మీద పెట్టాలని, ఒక్క ఖబరస్తాన్ సర్వే నంబరునైనా తెచ్చి జమాతుకు అందించాలని మా మనవి.

మా పెద్దమ్మ చేతిలోని ఫొటోకు మేము సమాధానం చెప్పలేకపోయాం. మరో తల్లి అటువంటి ఫొటో పట్టుకొని వచ్చినప్పుడు ఆమె చేతిలో దానితోపాటు ఒక కాగితం కూడా ఉండేటట్టు చూద్దాం. ఆ పనికి కావలసిన ఓర్పును, ఐకమత్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.